ముగ్గు పోసే ముందు గల్లీని కొలవండి

హుస్సేనీ ఆలంలోనో, మూసా బౌలిలోనో, ఖిల్వత్ వెనక సందుల్లోనో తాతల నాటి ఇల్లు మీ వాటాకి వచ్చిందా? నాలుగు వానలు పడగానే ఏ గోడ ఎప్పుడు కూలుతుందోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదా? పిల్లలు పెద్దవాళ్లయ్యారు, గదులు చాలడం లేదు, గల్లీ వైపు రెండు మల్గీలు వేస్తే అద్దె వస్తుందని లెక్కలు వేసుకుంటున్నారా? అయితే ఈ అధ్యాయం మీ కోసమే.

కొత్త ఇల్లు కట్టుకోవద్దని నేను అనడం లేదు. కారే కప్పు కింద కూర్చుని వారసత్వం గురించి మాట్లాడమని ఎవరికీ చెప్పలేం. మీకు మంచి బాత్రూం కావాలి, ఇంటి పెద్దావిడ కష్టపడకుండా ఎక్కే మెట్లు కావాలి, గాలీ వెలుతురూ కావాలి. నేను అడిగేది ఒక్కటే. మీరు కట్టేది మీ గల్లీలో ఇమడాలి. అది ఖర్చుతో కూడిన పని కాదు. చాలాసార్లు ఖర్చు తగ్గుతుంది కూడా.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. పాతబస్తీ కళ అంటే కమాన్లు, గుమ్మటాలు, మినార్లు అనుకుంటారు. నాలుగంతస్తుల డబ్బా కట్టి, దాని ముందు సిమెంటుతో పోతపోసిన కమాన్లు అతికించి, "చూడండి, చార్మినార్ స్టైల్లో కట్టాం" అంటారు. నా మట్టుకు నాకు ఆ ఇంటికన్నా, ఏ అలంకారమూ లేకుండా పక్కింటి ఎత్తులో, పక్కింటి వరసలో నిలబడ్డ సున్నం గోడ ఎన్నో రెట్లు మేలు. గల్లీ కళ నగిషీల్లో లేదు. గోడల వరసలో, ఎత్తులో, తలుపూ కిటికీ కొలతలో, నీడలో, ఇంటి మధ్యన ఆకాశం కనిపించే సహన్‌లో ఉంది. ఇవన్నీ టేపుతో కొలవగలిగినవే.

1. ఇంజినీరు కంటే ముందు టేపు పట్టుకోండి

ప్లాన్ గీయించడానికి వెళ్లేముందు ఒక ఉదయం మీ గల్లీలో నడవండి. మీ ఇంటికి అటు ఐదిళ్లు, ఇటు ఐదిళ్లు, ఎదురుగా ఉన్నవి చూడండి. నోట్‌బుక్‌లో ఇవి రాసుకోండి: ముందు గోడలన్నీ ఒకే గీత మీద ఉన్నాయా, వెనక్కీ ముందుకీ ఉన్నాయా? మొదటి అంతస్తు ఎంత ఎత్తులో మొదలవుతోంది? పిట్టగోడ ఎంత ఎత్తున ఆగింది? తలుపు వెడల్పెంత, ఎత్తెంత? కిటికీలు నిలువుగా ఉన్నాయా, అడ్డంగా ఉన్నాయా? ఛజ్జా ఎన్ని అంగుళాలు బయటికి వచ్చింది? గడప రోడ్డుకు ఎంత ఎత్తులో ఉంది?

ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. ఫోటో అందం చూపిస్తుంది, కొలత చూపించదు. ఇంజినీరు దగ్గరికి ఫోటోతో వెళ్తే ఆయన మీకు కమాను గీసి ఇస్తాడు. కొలతలతో వెళ్తే ఇల్లు గీసి ఇస్తాడు.

ఈ కొలతలు ఎందుకు ముఖ్యమో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు, పత్తర్‌గట్టీకి వెళ్లండి. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని బాగుచేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టీ రాతి కట్టడాల వరస ఆ బోర్డు పనుల్లో ఒకటి. కింద దుకాణాలు, పైన ఇళ్లు. ఒక దుకాణంలో బట్టలు, ఇంకోదాంట్లో ముత్యాలు, మరోదాంట్లో అత్తరు. యజమానులు వేరు, వ్యాపారాలు వేరు. కానీ కమాను ఎత్తు ఒకటి, రాయి ఒకటి, ముందు గీత ఒకటి. లోపల ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకున్నా బజారు చెక్కుచెదరలేదు. వ్యాపారం దెబ్బతినలేదు సరే, ఆ వరసే ఆ బజారుకు గిరాకీ తెచ్చిపెట్టింది.

2. పడగొట్టే ముందు ఉన్నదేమిటో తెలుసుకోండి

"మొత్తం కూలగొట్టుడే బెటర్ సార్. పాత గోడల మీద పైసలు పెడితే దండుగ." మీ మేస్త్రీ మొదటి రోజే ఈ మాట అంటాడు. ఆయన తప్పు లేదు, ఆయన నేర్చుకున్న పని సిమెంటు, స్టీలు. రాతి గోడ, డంగు సున్నం ఆయన చేతిలోకి రాలేదు. మరి ఆ ఒక్క మాట మీద తాత కట్టిన రెండడుగుల మందం గోడను పడగొట్టేస్తారా?

ముందు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. ఫీజు ఇచ్చి, ఏ గోడ నిలుస్తుంది, ఏది నిలవదు అని రాతపూర్వకంగా తీసుకోండి. మీరుగా చూడదగ్గవి కూడా ఉన్నాయి. టేకు దూలాలు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. నడిమి భాగం గట్టిగా ఉన్నా, తడి పట్టేది, పుచ్చేది ఆ కొసల దగ్గరే. గోడ మీద పగులు కనిపిస్తే రెండు పక్కలా పెన్సిల్ గీత పెట్టి, తేదీ వేసి, వానాకాలం గడిచాక మళ్లీ కొలవండి. పెరగని పగులుకూ పెరిగే పగులుకూ చాలా తేడా ఉంది.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే నష్టం సిమెంటు ప్లాస్టరింగ్. పాత గోడ సున్నంతో కట్టినది. వానకు తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే లోపలి తడికి దారి మూసుకుపోతుంది. మొదటి ఏడాది గోడ నున్నగా మెరుస్తుంది. రెండో, మూడో వానాకాలానికి ఉప్పు పూస్తుంది, పెచ్చులు లేస్తాయి, దూలాల కొసలు పుచ్చుతాయి. అప్పుడు "పాత గోడ కదా, ఇంతే" అంటారు. పాత గోడ చేసిన పాపం కాదది.

సున్నం పని చేసేవాళ్లు ఇప్పుడెక్కడ దొరుకుతారంటారా? ఈ నగరంలోనే దొరుకుతారు. మీ పక్కనే ఉన్న చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు సున్నం పనే చేయించింది. ఇలాంటి చోట్ల చేయి తిరిగిన మేస్త్రీలను వెతికి పట్టుకోండి. మీ మేస్త్రీ పక్కన ఒకరిని కొన్నాళ్లు కూర్చోబెడితే, పని మీ మేస్త్రీకీ వస్తుంది.

ఇంజినీరు చూసి, నిజంగానే నిలవదని తేల్చాడనుకోండి. అప్పుడు దించేయాల్సిందే, మొహమాటం వద్దు. అయితే జేసీబీ పెట్టకండి. గల్లీలో ఇళ్లకు గోడలు ఉమ్మడిగా ఉంటాయి. మీ గోడను ఒక్క తోపు తోస్తే పక్కింటి దాలాన్ కదులుతుంది. పైనుంచి కిందికి మనుషులతో దింపించండి. సెల్లార్ ఆలోచన పూర్తిగా మానేయండి. పాత ఇళ్ల పునాదులు మీరు తవ్వే లోతు దాకా ఉండవు. వాటి పక్కన గొయ్యి తీస్తే, అందులోకి జారేది మీ పొరుగువాళ్ల ఇల్లు.

ఇంకొకటి, పాత సామాను. దించే కాంట్రాక్టర్ "సామాను నాకు వదిలేయండి, కూలీ తగ్గిస్తా" అంటాడు. ఆ బేరానికి ఒప్పుకునే ముందు మీ వీధి తలుపు దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. రెండు రెక్కల టేకు తలుపు. ఒక రెక్కలో మనిషి వంగి దూరే చిన్న తలుపు. పైన ఇనుప గొలుసు, అది పడీ పడీ చట్రం మీద అరిగిన గుంట. రెక్కకు లోపలివైపు అడ్డపట్టీలు, వాటిని పట్టిన పెద్ద తలల మేకులు. అంత మందం టేకు ఇవాళ కొనాలంటే ఎంతవుతుందో ఒకసారి కలప అడితిలో అడిగి రండి. తలుపు, దూలాలు, ఇనుప కటకటాలు, షాబాద్ బండలు, వీటికి నంబర్లు వేసి, జాబితా రాసి, తర్వాతే కాంట్రాక్టర్‌తో మాట్లాడండి. కొత్త ఇంటికి పాత తలుపు కొలత ప్రకారమే చట్రం కట్టించండి.

3. సహన్‌ను ముక్కలు చేయకండి

ఇద్దరు అన్నదమ్ములున్నారనుకుందాం. మూడు వందల గజాల ఇల్లు. మధ్యలో సహన్, చుట్టూ దాలాన్లు, మూలన బావి. నాన్న పోయాక పంపకం. సగం సగం అంటూ సహన్ మధ్య నుంచి గోడ లేపారు. అన్న తన సగంలో స్లాబ్ వేశాడు. తమ్ముడూ వేశాడు. ఇప్పుడు ఇద్దరి ఇళ్లలోనూ పట్టపగలు లైటు వెలగాల్సిందే. ఎండాకాలం రెండిళ్లకూ ఏసీలు, ఇద్దరికీ కరెంటు బిల్లులు. ఎవరు బాగుపడ్డట్టు?

"మరి సహన్ ఎవరికి ఇయ్యాలే అన్నా? నువ్వు తీసుకుంటే నేను ఊకుంటనా?" అని తమ్ముడు అడిగితే జవాబు ఉంది. ఇద్దరికీ ఇవ్వండి. భాగపత్రంలో సహన్‌ను ఉమ్మడి ఖాళీ స్థలంగా రాయించి, దాని మీద ఎవరూ కప్పు వేయకూడదని షరతు పెట్టి రిజిస్టర్ చేయించండి. వకీలుకు ఇది పెద్ద పనేం కాదు. కొత్త కట్టడం సహన్ చుట్టూ లేపండి. పూర్తిగా కొత్త ఇల్లు కట్టేవాళ్లు కూడా, నూరు గజాల స్థలమైనా సరే, ఆకాశం కనిపించే చోటు ఒకటి వదలండి. పది అడుగులకు పది ఉంటే వేడి గాలి పైకి పోతుంది, కిటికీలు గల్లీ వైపు కాకుండా లోపలికి తెరుచుకుంటాయి, ఆడవాళ్లకు ఇంటి మధ్యలో తమదంటూ ఒక చోటు మిగులుతుంది.

బావి ఉంటే కూల్చిన మట్టితో పూడ్చకండి. పైకప్పు నీళ్లను గులకరాళ్లు, ఇసుక నింపిన తొట్టి గుండా వడకట్టి బావిలోకి వదలండి. మొదటి వాన నీళ్లు మాత్రం బయటికి పోనివ్వాలి. పక్కనే మురుగు పైపు ఉంటే ముందు దాన్ని దూరం జరిపించండి. నోటికి ఇనుప జాలి తప్పనిసరి.

4. గల్లీ వైపు ముఖం

ముందు గోడ విషయంలో నియమం చిన్నది: గోడ ఎక్కువ, రంధ్రాలు తక్కువ. పాత ఇళ్లన్నీ అలాగే ఉంటాయి. గోడ నిండా గాజు పెట్టి, దాని మీద ఏసీపీ షీట్లు బిగిస్తే గల్లీలో ఎండ రెట్టింపవుతుంది. ఎదురింటివాళ్లు కిటికీ తెరవలేరు. మీ గాజు వెనక మీరూ పరదా వేసుకునే కూర్చుంటారు. మరి గాజు ఎందుకు?

మల్గీలు కావాలంటే వేసుకోండి. హుస్సేనీ ఆలం ఎప్పుడూ వ్యాపారాల పక్కనే బతికిన పేట. ఒకవైపు లాడ్ బజార్, ఇంకోవైపు 1892 నాటి గడియారం స్తంభం నిలబడ్డ మెహబూబ్ చౌక్. కాకపోతే ముందు భాగమంతా ఒకే పెద్ద షట్టర్ పెట్టకండి. రెండు మూడు చిన్న దర్వాజాలుగా విడగొట్టండి. షట్టర్ డబ్బా గోడ లోపలివైపు వచ్చేలా బిగించండి. బోర్డు దర్వాజా వెడల్పు దాటకూడదు. ఏసీ యూనిట్లు, నీళ్ల ట్యాంకు, డిష్‌లు సహన్ వైపు పెట్టండి. రంగుకు వస్తే తెలుపు, మీగడ రంగు, లేత పసుపు.

ఛజ్జా మరవకండి. బాల్కనీని గల్లీ మీదికి వేలాడదీయకండి. మొహర్రంలో అలమ్‌లు, బోనాల్లో ఘటాలు సాగే దారులివి. మీ ఇంటి ముందు అలమ్‌ను వంచాల్సి వస్తే, ఏనుగు మీది ఘటం తీగలకూ బాల్కనీకీ మధ్య ఆగితే, ఆ ఊరేగింపులో మీరూ ఉంటారు కదా, మీకు ఎలా ఉంటుంది?

5. మీ డాబా నుంచి ఎవరి సహన్ కనబడుతోంది?

పాతబస్తీలో ఎత్తు అంటే అంతస్తుల లెక్క కాదు, పరదా లెక్క. మీరు రెండో అంతస్తు లేపిన రోజు నుంచి పక్కింటి కోడలు సహన్‌లో తల ఆరబెట్టుకోవడం మానేస్తుంది. వాళ్ల పెద్దావిడ మంచం లోపలికి మారుతుంది. గొడవ జరగదు. మాట తగ్గుతుంది, ఈద్‌కు వచ్చే సేమియా గిన్నె రాదు.

అందుకని స్లాబ్ వేయకముందే ఆ ఇంటికి వెళ్లండి. మీ ఇంట్లో ఆడవాళ్లు వెళ్తే ఇంకా మంచిది. "ఖాలా, మేం పైన గది వేస్తున్నాం. మీ సహన్ వైపు కిటికీ పెట్టం. పిట్టగోడ మనిషెత్తు లేపి జాలీ కట్టిస్తాం" అని చెప్పండి. ఆ మాట ప్రకారం కట్టండి. పై అంతస్తును గల్లీ వైపు నుంచి ఎనిమిది, పది అడుగులు లోపలికి జరిపితే కింద నుంచి చూసేవాళ్లకు ఇల్లు పాత ఎత్తులోనే కనబడుతుంది. ఎదురింటికి ఎండా గాలీ ఆగవు.

6. మెట్లు, ర్యాంపు, రెండో దారి

2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. అందులో పిల్లలున్నారు. కింద దుకాణాలు, పైన ఇల్లు, రావడానికీ పోవడానికీ ఒకే ఇరుకు దారి. పాత ఇంటిని కాపాడుకోవడమంటే ఇలాంటి ఇరుకును కాపాడుకోవడం కాదు. ఇక్కడ పాత పద్ధతిని మార్చి తీరాలి.

కింద మల్గీ ఉన్న ఇంట్లో పైకి పోయే మెట్లు మల్గీ పక్క నుంచి ఒక్కటే ఉండకూడదు. రెండో మెట్ల దారి సహన్‌లోంచి పెట్టండి. డాబా మీద నుంచి పక్క డాబాకు దాటే తలుపు ఒకటి పొరుగువాళ్లతో మాట్లాడి ఉంచుకోండి. కరెంటు మీటర్లు మెట్ల కింద వద్దు. ఏసీలు పెంచుకుంటూ పోయే ముందు పాత వైరింగ్ మొత్తం మార్పించండి. కిటికీలకు ఇనుప గ్రిల్లు పెడితే, ఒకదాన్నయినా లోపలి నుంచి తెరుచుకునేలా చేయించండి.

గడప సంగతి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, పాత ఇళ్లు కిందికి పోతాయి. అందుకని కొత్త ఇల్లు ఎత్తు చేస్తారు, న్యాయమే. కానీ బండి ఎక్కడానికి గల్లీలోకి మూడడుగుల ర్యాంపు దించితే, వాన నీళ్లు దారి మళ్లి పక్కింట్లోకి పోతాయి. ఎక్కే వాలు మీ గడప లోపలే తీసుకోండి.

7. అనుమతి వచ్చింది కదా అంటారా?

తెలంగాణలో 2020 టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా కట్టే ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపు, మీ సొంత ధ్రువీకరణ మీదే అనుమతి వస్తుంది. తప్పుడు వివరాలిస్తే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. దరఖాస్తు పెట్టేనాటికి నిబంధనల్లో మార్పులేమైనా వచ్చాయేమో జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. చార్మినార్ లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం. ఆ పైన మరో 200 మీటర్ల దాకా ప్రత్యేక అనుమతి కావాలి. హుస్సేనీ ఆలంలో చాలా గల్లీలు ఈ హద్దుకు బయటే ఉన్నాయి.

అంటే మీ గల్లీ తీరును కాగితం మీద చూసే అధికారి ఎవరూ లేరు. వారసత్వ కట్టడాల కోసం 1995లో తెచ్చిన నిబంధనను 2015లో తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అది పేరున్న కట్టడాల గురించి మాట్లాడుతుంది, మీ ఎనభై గజాల ఇంటి గురించి కాదు. పేరున్నవే ఎలా ఉన్నాయో మీకు తెలుసు. హుస్సేనీ ఆలం మహిళా డిగ్రీ కాలేజీ దగ్గరి ఖుర్షీద్ జా దేవిడి, ఐరోపా తరహా స్తంభాలతో పైగా నవాబులు కట్టిన భవనం, దశాబ్దాలు శిథిలంగా పడి ఉంది. మరమ్మతులు ఇటీవలి సంవత్సరాల్లో గానీ మొదలుకాలేదు. దేవిడికే అంత కాలం పడితే, గల్లీని కాపాడడానికి ఎవరో వస్తారని ఎదురుచూడడం దండగ.

8. గల్లీకి ఒక కాగితం

ఇంగ్లండులో 1990ల నుంచి కొన్ని పల్లెల్లో ఊరివాళ్లే కూర్చుని తమ ఊళ్లో కొత్త ఇల్లు ఎలా ఉండాలో చిన్న పుస్తకంగా రాసుకుంటున్నారు. గోడ ఏ రాయితో, కప్పు ఏ వాలుతో, కంచె ఎంత ఎత్తుతో అన్నీ అందులో ఉంటాయి. ఆర్కిటెక్టులు రాసిచ్చింది కాదు, ఊరివాళ్లు నడిచి చూసి రాసుకున్నది. అక్కడి పల్లెకూ మన గల్లీకీ పోలిక లేదనకండి. గల్లీలో ఇరవై ఇళ్లుంటాయి, అందరికీ అందరూ తెలుసు. కావలసింది అంతే.

మీకు పుస్తకం అక్కర్లేదు, ఒక పేజీ చాలు. తెలుగులో ఒకవైపు, ఉర్దూలో ఇంకోవైపు. ముందు గోడ గీత దాటం. పై అంతస్తు లోపలికి జరుపుతాం. పక్క సహన్ వైపు కిటికీ పెట్టం. ర్యాంపు గల్లీలోకి దించం. జేసీబీ పెట్టం. పాత తలుపు అమ్మాలనుకుంటే ముందు గల్లీలోనే అడుగుతాం. ఇది చట్టం కాదు, ఎవరినీ కోర్టుకు లాగలేం. కానీ పదిమంది పెద్దలు సంతకం చేసిన కాగితాన్ని పదకొండోవాడు తేలిగ్గా తోసేయడు. మసీదు కమిటీలో ఒకరు, గుడి కమిటీలో ఒకరు, మల్గీలవాళ్లలో ఒకరు తప్పకుండా ఉండాలి. అద్దెకున్నవాళ్లనూ పిలవండి, గల్లీలో ఎక్కువసేపు ఉండేది వాళ్లే.

ఎవరైనా ఒప్పుకోకపోతే? తగువు పెట్టుకోకండి. ముందు మీ ఇల్లు ఆ కాగితం ప్రకారం కట్టి చూపించండి, తర్వాత మాట్లాడండి.

మీ గల్లీలో వచ్చే ఏడాదిలోపు ఇల్లు దించబోతున్నవాళ్లు ఎవరో మీకు తెలిసే ఉంటుంది. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చేలోపే వెళ్లి వాళ్ల తలుపు తట్టండి.